రంధ్రములలో నుండి ఆకాశము: ఓటో పీనె కాంతి శిల్పములు

శిల్పమనగానే మన మనస్సునకు మొదట తట్టునది రాయి. రామప్ప గుడిలోని నల్లరాతి నాగినులు, అమరావతి సున్నపురాతి ఫలకములు, కాకున్నచో ఊరి కూడలిలో చేయెత్తి నిలిచిన కంచు విగ్రహము. వెలుతురు వానిపై పడును, మనము చూతుము. దీపమార్పివేసినను శిల్పము ఎచటికిని పోదు. చీకటిలో చేతితో తడిమి దాని ముక్కును, చెవిని గుర్తింపవచ్చును.

ఈ వ్యాసమున మేము పరిచయము చేయదలచిన శిల్పి పని దీనికి తలక్రిందులు. ఆయన శిల్పముపై వెలుతురు పడదు. వెలుతురు శిల్పము కడుపులో నుండియే బయలుదేరి గోడలపైన, కప్పుపైన, నేలపైన, చూడవచ్చినవారి చొక్కాలపైన పడును. పట్టపగలు చూచినచో అది చిల్లులు పొడిచిన ఒక లోహపు డోలు. వంటింటి జల్లెడకు పెద్దన్న వంటిది. గది తలుపులు మూసి, దాని లోపలి దీపము వెలిగించి, మోటారు త్రిప్పినచో, ఆ డోలు మన దృష్టి నుండి తప్పుకొనును. మిగులునది నెమ్మదిగా కదలు చుక్కల గుంపు. ‘పట్టపగలే చుక్కలు చూపించినాడు’ అని మనవారు ఒకరినొకరు నిందించుకొందురు గాని, ఈయన నిజముగనే నలుగోడల నడుమ చుక్కలు చూపించినాడు. ఆయన పేరు ఓటో పీనె.

పీనె 1928వ సంవత్సరమున జర్మనీ దేశపు వెస్ట్‌ఫాలియా ప్రాంతమున లాస్ఫె అను చిన్న పట్టణమున జన్మించినారు. ఆయనకు అయిదేండ్లు నిండకముందే హిట్లరు అధికారమునకు వచ్చెను. పదకొండేండ్లకు రెండవ ప్రపంచ యుద్ధము మొదలయ్యెను. యుద్ధపు చివరి సంవత్సరములలో జర్మనీకి పెద్దవారైన సైనికులు చాలక, బడిపిల్లలను విమాన విధ్వంసక ఫిరంగుల దళములలో చేర్చుకొనిరి. పదిహేను, పదహారేండ్ల ప్రాయమున పీనె కూడ అట్టి దళమునకు వెళ్ళినారు. ఈ సంగతి తెలియనిదే ఆయన కళ మనకు బోధపడదని మా అభిప్రాయము. కనుక ఇచట కొంచెము నిలుతము.

ఆ కుర్రవానికి రాత్రి ఆకాశమనగా ఏమి? ఊళ్ళన్నియు దీపములార్పి, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, ఊపిరి బిగబట్టి ఉన్నవి. అంతటి చీకటిలో చుక్కలు ఎంత స్పష్టముగా కనబడి యుండునో ఊహింపవచ్చును. కాని ఆ చుక్కల నడుమ వెదకవలసినది విమానమును. నేలనుండి లేచిన వెలుతురు స్తంభములు ఆకాశమును తుడుచుచు అటునిటు తిరుగును. ఒక స్తంభమునకు విమానము చిక్కినచో మిగిలినవన్నియు అచటికే వచ్చి కలియును. అపుడు ఫిరంగులు ప్రేలును. పైనుండి పడు మంటలు, క్రిందినుండి లేచు మంటలు. చూచుటకు అది దీపావళి రాత్రివలె ఉండుననియు, ఆ అందమే అందులోని ఘోరమనియు అనుభవించినవారు చెప్పుదురు. మన పిల్లలకు తాతలు ఆరుబయట మంచముపై పరుండబెట్టి సప్తర్షి మండలమును చూపింతురు. ఆ తరము జర్మనుబాలురకు, వారి బాంబుల క్రింద అణగిన లండను బాలురకు, ఆకాశమును చూచుట అనగా మృత్యువు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో చూచుట.

ఆ వెలుతురు స్తంభములకు ఇంకొక చరిత్రయు కలదు. యుద్ధమునకు పూర్వమే, 1934 మొదలుకొని, నూరెంబర్గు నగరమున నాజీ పార్టీ మహాసభలలో ఆల్బర్టు స్పియరు అను వాస్తుశిల్పి నూటికి మించిన సైనిక శోధక దీపములను మైదానము చుట్టును నిలిపి, వానిని నిట్టనిలువుగా ఆకాశమునకు వెలిగించెను. రాయి లేదు, సున్నము లేదు. కాంతితోనే కట్టిన బ్రహ్మాండమైన మందిరమది. దాని నడుమ నిలిచిన వేలాది మనుష్యులకు తాము చీమలమనియు, తమ నాయకుడు దేవుడనియు తోచవలెనని దాని ఉద్దేశము. కాంతి స్వతహాగా పవిత్రమైనదని మనము తేలికగా అనుచుందుము. అది నిజము కాదు. కాంతిని ఎవరు పట్టుకొన్నారు, ఎవరివైపు త్రిప్పినారు అను ప్రశ్న ఎప్పుడును ఉండనే ఉన్నది.

యుద్ధానంతరము పీనె మ్యూనిక్, డ్యూసెల్‌డార్ఫ్ నగరములలో చిత్రకళను, అటుపిమ్మట 1953 నుండి 1957 వరకు కొలోను విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమును అభ్యసించినారు. 1957లో తన మిత్రుడు హైన్జ్ మాక్‌తో కలసి డ్యూసెల్‌డార్ఫులోని తమ పనిగదిలో ఒక్కొక్క సాయంకాలము మాత్రము జరుగు ప్రదర్శనలను ప్రారంభించినారు. ఊరిలోని పెద్ద ప్రదర్శనశాలలు యువకులను పలుకరింపని రోజులవి. ఆ చిన్న కూటమునకు వారు పెట్టుకొన్న పేరు ‘జీరో’. మన గణితజ్ఞులు లోకమునకిచ్చిన సున్నయే అది. అయితే వారు దానిని తీసికొన్నది రాకెట్టు ప్రయోగము నుండి. నాలుగు, మూడు, రెండు, ఒకటి అని వెనుకకు లెక్కించి సున్న చేరినంతనే రాకెట్టు లేచును. ఆ ఒక్క క్షణమున పాతది ముగిసినది, క్రొత్తది ఇంకను మొదలుకాలేదు; అంతయు నిశ్శబ్దము. 1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ దేశము స్పుత్నిక్కును పంపిన సంవత్సరమే ఈ కూటము పుట్టిన సంవత్సరము కూడ. 1961లో గుంథర్ ఊకర్ అను మూడవ మిత్రుడు వారితో చేరెను. 1966లో వారు దానిని చాలించుకొనిరి. తొమ్మిదేండ్ల ముచ్చట.

ఇక కాంతి శిల్పమెట్లు పుట్టినది? ఇది పెద్ద యోచన నుండి గాక, చేతిపని నుండి పుట్టినది. 1957లో పీనె, వరుసగా రంధ్రములు పొడిచిన పలకను కాన్వాసుపై నుంచి, ఆ రంధ్రముల గుండ రంగును నెట్టి చిత్రములు వేయుచుండిరి. ముంగిట ముగ్గు వేయుటకు మన స్త్రీలు వాడు చిల్లుల పలకను, లేదా చిల్లుల గొట్టమును తలచుకొనుడు, పని అదియే. పసుపు, తెలుపు, వెండి రంగుల చుక్కలు కాన్వాసుపై ఉబ్బెత్తుగా నిలుచును. ఆ చుక్కలపై వెలుతురు పడి అవి మిలమిలలాడుటయే ఆ చిత్రముల సొగసు. అటువంటి పలకనే కొవ్వొత్తి మసి జల్లించుటకు వాడి పొగచిత్రములను కూడ చేసినారు. ఆ పలక వెనుక దీపముంచి చూచినపుడు, రంగు పోవలసిన రంధ్రముల గుండ కాంతి పోయి, ఎదుటి గోడ చుక్కలతో నిండిపోయెను. కాన్వాసు అక్కరయే లేకపోయెను.

1959లో మొదటిసారిగా ఆయన దీనిని ప్రజల యెదుట ప్రదర్శించినారు. పేరు ‘కాంతి నృత్యము’. అపుడు యంత్రములు లేవు. దీపములను చేతబట్టుకొని, చిల్లుల పలకల వెనుక కదల్చుచు గదినంతను చుక్కలతో నింపిరి. మరుసటి సంవత్సరము నుండి మోటార్లు వచ్చి చేరినవి. అటుపిమ్మట పలకలు డోళ్ళయినవి, గోళములయినవి, పెట్టెలయినవి. లోపల దీపములు, వాని చుట్టును నెమ్మదిగా తిరుగు చిల్లుల చక్రములు, వెలుపల నల్లనివియో వెండివియో అయిన లోహపు రేకులు. 1965లో చేసిన ‘విద్యుత్ గులాబి’ అను శిల్పము నున్నగా మెరుగుపెట్టిన అల్యూమినియపు గోళము; దానిపై 160 నియాన్ దీపములు మొగ్గలవలె నిలిచి, ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు దశలలో వెలిగి ఆరుచుండును. అది మాత్రము రంధ్రముల ద్వారా గాక నేరుగా వెలుగునది.

ఈ చుక్కలెట్లు కదలును, ఏల అట్లు కదలును అని తెలిసికొనుటకు మేము ఒక చిన్న ప్రయోగము చేసితిమి. హాస్టలు గదిలో, కరెంటు పోయిన ఒక రాత్రి, ఖాళీ పాలపొడి డబ్బాకు మేకుతో ఎడాపెడా చిల్లులు పొడిచి, లోపల సెల్‌ఫోను దీపమును వెలిగించి బోర్లించితిమి. పెచ్చులూడిన గోడలపై ఒక్కసారిగా చుక్కలు! డబ్బాను వ్రేలితో కొంచెము త్రిప్పగానే అవి గది ఈ చివరినుండి ఆ చివరకు పరుగెత్తినవి. కారణము సులభము. దీపమునకు రంధ్రము ఒక అడుగు దూరమున, గోడ పది అడుగుల దూరమున ఉన్నదనుకొనుడు. రంధ్రము ఒక అంగుళము జరిగినచో గోడపై చుక్క పది అంగుళములు జరుగును. ఇందువలననే పీనె మోటార్లు మిక్కిలి నెమ్మదిగా తిరుగును. లేకున్నచో చూచువారికి తల తిరుగును. అంతేకాదు, గోడ ఎదురుగా ఉన్నచోట చుక్క గుండ్రముగా, చిన్నదిగా ఉండును. గది మూలకు పోవుకొలది కోలగా సాగి, వేగమును హెచ్చించుకొని, మూల తిరుగగానే మరల కుదించుకొనును. ఒకే వేగమున తిరుగు చక్రము ఇన్ని వేగముల చుక్కలను ఎట్లు పుట్టించినదో కంటితో చూచినగాని నమ్మబుద్ధి పుట్టదు.

పిమ్మట ఫోను తీసివేసి, డబ్బాలో కొవ్వొత్తిని నిలిపితిమి. ఇపుడు మరొక వింత. గోడపై పడినవి చుక్కలు కావు. ఒక్కొక్క రంధ్రము ఒక్కొక్క కొవ్వొత్తి జ్వాలను, అదియు తలక్రిందుగా, గోడపై వ్రాసినది. జ్వాల కొంచెము రెపరెపలాడగానే ఆ పదులకొలది జ్వాలలన్నియు ఒకేసారి ఒకేవైపు వంగినవి. ఫోను దీపము రంధ్రము కంటె చిన్నది. కనుక గోడపై రంధ్రపు ఆకారము పడినది. కొవ్వొత్తి జ్వాల రంధ్రము కంటె పెద్దది. కనుక జ్వాల ఆకారము పడినది. ఈ విషయమును వేయేండ్ల క్రిందటనే దీపములను, రంధ్రములను పెట్టి ప్రయోగపూర్వకముగా పరిశీలించినవాడు బస్రాలో పుట్టి కైరోలో నివసించిన ఇబ్న్ అల్ హైసమ్. ఆయన గ్రంథము ‘కితాబుల్ మనాజిర్’ లాటిను భాషలోనికి పోయి ఐరోపావారికి దృష్టిశాస్త్రపు ఓనమాలు నేర్పినది. చెట్టుక్రింద నీడలో పడు గుండ్రని వెలుగు మచ్చలు ఆకుల సందుల ఆకారములు కావు, అవి సూర్యుని బింబములు. 1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము మన జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా పోయినది. అట్టి గ్రహణవేళ వేపచెట్ల క్రింద నేలపై వందలకొలది నెలవంకలు పడును. పెద్దలు పిల్లలను ఇంట బెట్టి తలుపులు వేసిన ఆ మధ్యాహ్నము, ధైర్యము చేసి నేలవైపు చూచినవారికి ఆకాశములోని సంగతి నేలపైననే తెలిసినది.

ప్రయోగము జరుగుచుండగా మా గదిలోనే ఉన్న ఉర్దూ విభాగపు మిత్రుడొకడు, ‘ఇది మా ఫానూస్-ఎ-ఖయాల్ కదా!’ అనెను. ఆ మాట మమ్ములను చాలసేపు ఆలోచింపజేసినది. పూర్వము ఇరానులోను, మన దేశపు నవాబుల నగరములలోను ఒక విధమగు కాగితపు లాంతరు ఉండెడిది. నడుమ కొవ్వొత్తి, దాని చుట్టును కత్తిరించిన బొమ్మలు అంటించిన తేలికైన చట్రము, పైన రేకుల చక్రము. కొవ్వొత్తి వేడికి గాలి పైకి లేచి ఆ చక్రమును త్రిప్పును, చట్రము తిరుగును, గుఱ్ఱములు, ఏనుగులు, రౌతుల నీడలు వెలుపలి కాగితముపై ఊరేగును. ఉర్దూ, పారశీక కవులకు ఇది మిక్కిలి ప్రియమైన ఉపమానము. తెలుగువారికి దువ్వూరి రామిరెడ్డిగారి ‘పానశాల’ ద్వారా పరిచితుడైన ఉమర్ ఖయ్యాము పేరిట ప్రచారమందున్న రుబాయీలలో ఒకదానియందు ఈ ఖగోళమంతయు అట్టి లాంతరుగను, సూర్యుడు దానిలోని దీపముగను, మనము అందులో తిరుగు నీడలముగను చెప్పబడినది. ఖయ్యాము వట్టి కవి కాడు. ఖగోళ గణితమునెరిగి, 1079లో ఇస్ఫహానునందు పంచాంగ సంస్కరణ చేసిన పండితులలో ఒకడు. ఆకాశపు లెక్క తెలిసినవాడే ఆకాశమును లాంతరుతో పోల్చినాడని మరువరాదు.

పీనెకు ఖయ్యాము లాంతరు తెలియునని మేము చెప్పుటలేదు. కాంతి, రంధ్రము, భ్రమణము అను మూడింటిని ఒకచోట చేర్చినచో, ఏ దేశపు మనిషికైనను ఆకాశమే స్ఫురించుచున్నదని మాత్రము చెప్పుచున్నాము. మన తోలుబొమ్మలాటలో సీతమ్మవారి హారములు మెరయుటకు కారణమేమి? తోలుపై రంగు కాదు, సన్నని ఉలితో పొడిచిన చిల్లులే. ఆముదపు దీపపు వెలుగు ఆ చిల్లులలో నుండి తెరపైకి రాగా నగలు ధగధగలాడును. తేడా ఒక్కటే: మన బొమ్మలాటలో తెర ఉన్నది, కథ ఉన్నది, ప్రేక్షకుడు తెరకు ఈవల ఉన్నాడు. పీనె గదిలో తెర లేదు, కథ లేదు, ప్రేక్షకుడే తెర. ఎదుటివాని నుదుటిపై నుండి ఒక చుక్క జారి మన భుజము మీదుగా వెళ్ళును.

ఖగోళమును చూపుటకే ఉద్దేశింపబడిన యంత్రము ఒకటి జర్మనీలోనే అంతకు పూర్వము పుట్టినది. 1923లో జైస్ సంస్థ ఇంజనీరు వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ తయారుచేసిన నక్షత్రశాల ప్రొజెక్టరు అది. గోళము లోపల బలమైన దీపము, దాని చుట్టును సన్నని రంధ్రములు గల పలకలు, వాని ముందు కటకములు. ప్రకాశవంతమైన నక్షత్రమునకు పెద్ద రంధ్రము, మసకదానికి చిన్న రంధ్రము. ఈ విధముగా నాలుగు వేలకు పైగా నక్షత్రములను అర్ధగోళాకారపు కప్పుపై చూపగలిగిరి. 1985లో హైదరాబాదు నౌబత్ పహాడుపై ప్రారంభమైన బిర్లా నక్షత్రశాలకు పోయి, దీపములార్పిన క్షణమున ‘ఆఁ!’ అని నోరు తెరచినవారికి ఈ విద్య పరిచితమే. కాని నక్షత్రశాల ఉన్న ఆకాశమును ఉన్నట్లు చూపును. అందు అశ్విని అశ్వినియే, రోహిణి రోహిణియే. పీనె చుక్కలకు పేర్లు లేవు, పటము లేదు. ఆయన గది నుండి మనము ఖగోళశాస్త్రము నేర్చుకొనలేము. ఇది లోపమని కొందరనవచ్చును. మాకట్లు తోచలేదు. ఆకాశపు పాఠము చెప్పుటకు ఉపాధ్యాయులున్నారు. ఆకాశము క్రింద నిలుచుట ఎట్లుండునో గుర్తుచేయువారు తక్కువ.

కాంతితో శిల్పము చేసినవాడు ఈయన ఒక్కడే కాడు. హంగరీలో పుట్టిన లాజ్లో మొహోలీ-నాజ్ 1930లో చిల్లుల లోహపు పలకలు, గాజు, మోటారు చేర్చి, గదిలో నీడలను నాట్యమాడించు యంత్రము నొకదానిని నిర్మించెను. అది ఇపుడు అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణమున హార్వర్డు విశ్వవిద్యాలయపు సేకరణలో ఉన్నది. ఇటలీలో లూచో ఫోంటానా 1949లో కాన్వాసుకు చిల్లులు పొడిచి, చిత్రపటము వెనుకనున్న శూన్యమును కూడ చిత్రములో భాగము చేసెను. 1964లో కాసెల్ నగరపు ప్రఖ్యాత ‘డాక్యుమెంటా’ ప్రదర్శనలో మాక్, పీనె, ఊకర్ ముగ్గురును కలసి ఒక కాంతిగదిని నిర్మించి దానిని ఫోంటానాకే అంకితమిచ్చిరి.

1961లో తమ ‘జీరో’ పత్రిక మూడవ సంచికలో పీనె వ్రాసిన వ్యాసమున ఒక ఆలోచన ఉన్నది. రాత్రి ఆకాశమును వెలిగించు పనిని మనము ఇంతకాలము యుద్ధమునకే వదలివేసితిమి కదా అని ఆయన వాపోయినారు. ఆ సంవత్సరమే ఏప్రిల్ 12న గగారిన్ భూమిని చుట్టి వచ్చెను. మనిషి అంతరిక్షమునకు పోవుటకు ఖర్చు చేసిన దానిలో స్వల్పభాగమైనను ఆకాశమున కళను నిలుపుటకు ఎందుకు ఖర్చు చేయరు అను ప్రశ్నకు అదియే సమయము. శోధక దీపముల క్రింద నిలిచిన బాలుడు పెరిగి పెద్దవాడై, ఆ దీపములనే వేరొక పనికి అడుగుచున్నాడు. నూరెంబర్గు స్తంభములు మనిషిని చీమను చేసినవి. చిల్లుల డోలునుండి వచ్చు చుక్కలు ఎవరిని చిన్నచేయుటకును వచ్చినవి కావు. అవి మెత్తగా ఒంటిపై ప్రాకి పోవును.

దీనిపై ఒక ఆక్షేపణ ఉన్నది, దానిని దాచుట న్యాయము కాదు. సున్న, క్రొత్త ఆరంభము, నిర్మలమైన కాంతి అను మాటలు, నిన్న మొన్నటి ఘోరములను మరచిపోదలచిన దేశమునకు మిక్కిలి సౌకర్యమైన మాటలు కావా? గదినిండ చుక్కలు చూచి మైమరచువాడు గ్యాసు గదుల సంగతి తలచునా? ఈ ప్రశ్న న్యాయమైనదే. ‘జీరో’ మిత్రుల పనులన్నియు దీనికి సమాధానము చెప్పగలవని మేమనము. కొన్ని వట్టి మెరుపులే. కాని పీనె విషయమున ఆయన మరచిపోయినారని అనుట కష్టము. మరచినవాడు శోధక దీపముల మాట ఎత్తడు. యుద్ధము వాడిన పనిముట్లనే, అనగా చీకటి, దీపము, లోహపు రేకు, ఆకాశము అనువానినే ఆయన జీవితాంతము వాడినారు.

1967లో న్యూయార్కునందు ఆయన ‘సూర్యుని విస్తరణము’ అను ప్రదర్శన చేసినారు. ఈసారి లోహము లేదు. వెయ్యికి పైగా గాజు పలకలపై చేతితో రంగులు వేసి, వానిని అనేక ప్రొజెక్టర్ల ద్వారా గది నలుదిక్కుల ఒకదాని వెంట నొకటిగా చూపిరి. ఎఱ్ఱనివి, పచ్చనివి, నీలపువి అయిన సూర్యులు గోడలపై పుట్టుచు, ఉబ్బుచు, మాయమగుచు ఉందురు. అణ్వాయుధముల విస్తరణను నిరోధించు ఒడంబడికకై దేశములు తర్జనభర్జనలు పడుచున్న కాలమది. మరుసటి సంవత్సరము అది సంతకములకు వచ్చినది. ఆ రోజులలో ‘విస్తరణము’ అను మాట విన్నవారికెల్ల బాంబే గుర్తుకువచ్చెడిది. ఆ మాటనే తెచ్చి సూర్యునికి తగిలించుటలోని చమత్కారమును పాఠకులు గ్రహింపగలరు.

1968లో పీనె అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు వెళ్ళినారు. అంతకు ముందటి యేడు అచట జార్జి కెపెష్ అను హంగరీ దేశస్థుడు కళాకారులును, ఇంజనీర్లును కలసి పనిచేయుటకు ఒక కేంద్రమును స్థాపించి యుండెను. 1974లో పీనె దానికి అధిపతియై రెండు దశాబ్దముల పాటు నడిపినారు. ఒక సాంకేతిక కళాశాలలో శిల్పికి గది, జీతము, విద్యార్థులు ఇచ్చి, ‘మా యంత్రములతో నీకు తోచినది చేయుము’ అనుట సామాన్య విషయము కాదు. మన విజ్ఞాన శాఖలవారును, సాహిత్య శాఖలవారును ఒకే క్యాంటీనులో టీ త్రాగుచును ఒకరి పుస్తకము నొకరు తెరువరు. కళాశాల పాలకవర్గమువారు ఈ సంగతిని కొంచెము ఆలోచింతురని ఆశ.

మనిషి చంద్రునిపై కాలుమోపిన 1969లోనే ఆయన ‘ఆకాశ కళ’ అను పేరును వాడుకలోనికి తెచ్చినారు. గది గోడలు చాలక, హీలియము నింపిన పొడవైన ప్లాస్టిక్ గొట్టములను ఆకాశమునకు ఎగురవేయసాగిరి. వీనిలో ప్రసిద్ధమైనది 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడల ఇంద్రధనుస్సు. అయిదు రంగుల గొట్టములు, ఒక్కొక్కటి సుమారు 600 మీటర్ల పొడవు, క్రీడల ముగింపునాడు ఆకాశమున వంపు తిరుగవలెను. కాని సెప్టెంబరు 5వ తేదీన సాయుధులు క్రీడాగ్రామమున చొరబడిరి. ఇజ్రాయేలు జట్టువారు పదకొండుగురు హతులైరి. ముగింపు ఉత్సవము సెప్టెంబరు 11న శోకమధ్యమున జరిగినది. పండుగకై తయారుచేసిన ఇంద్రధనుస్సు ఆ రాత్రి ఎగిరినది. దానిని ఎగురవేయుట సమంజసమా అని ఆనాడు మ్యూనిక్‌లో నిలిచినవారికి అనుమానము కలిగి యుండిన అందులో ఆశ్చర్యము లేదు. మాకు మాత్రము అది దుఃఖమునకు అడ్డు వచ్చినదని తోచదు. రాత్రి ఆకాశమున కాంతిని చూచి భయపడుట ఆయన ఒకసారి నేర్చినారు. మరల అదే పాఠమును అంగీకరింపలేదు.

మన గోల్కొండ కోటలో సాయంవేళ జరుగు ధ్వని-కాంతి ప్రదర్శనను చాలమంది చూచియుందురు. అచట కోట కథ చెప్పుటకు దీపము సేవ చేయును. పీనె వద్ద దీపము ఎవరికిని సేవకురాలు కాదు. ఈనాడు లేజరు దీపములు, ఎగురు డ్రోనుల బొమ్మలు ప్రతి ఉత్సవమునకును వచ్చినవి, వ్యాపార ప్రకటనలు కూడ ఆకాశమున వ్రాయుచున్నారు. ఆయన తెరచిన దారిలోనే ఇవియు నడచినవనవచ్చును గాని, వానిలో హడావుడి ఎక్కువ, చీకటి తక్కువ. పీనె డోలు పనిచేయవలెనన్నచో మొదట గది నిజముగా చీకటి కావలెను, చూచువాడు కన్ను అలవాటుపడువరకు ఊరకుండవలెను. మా పాలడబ్బా కూడ కరెంటు వచ్చి ట్యూబులైటు వెలిగిన మరుక్షణమే పాలడబ్బా అయిపోయినది.

2014 జూలైలో బెర్లిను నగరమున ఆయన జీవితకాలపు పనులతో ‘మరింత ఆకాశము’ అను పేర పెద్ద ప్రదర్శన ఏర్పాటయ్యెను. మీస్ వాన్ డెర్ రోహె కట్టిన నూతన జాతీయ చిత్రశాల గాజుగోడల లోపల, రాత్రి పొద్దుపోయిన తరువాత, 1967 నాటి సూర్యులు మరల వెలిగిరి. ఆ చిత్రశాల కప్పుపైనుండి గాలి నింపిన శిల్పములను ఆకాశమునకు లేపుటకు 19వ తేదీ నిర్ణయింపబడినది. జూలై 17న పీనె ఆ ఏర్పాట్లు చూచుకొనుటకు టాక్సీలో బయలుదేరి దారిలోనే కన్నుమూసినారు. ఆయనకు ఎనుబదియారేండ్లు. ఇంటివారి కోరికపై కార్యక్రమమును ఆపలేదు. 19వ తేదీ రాత్రి, డెబ్బది ఏండ్ల క్రిందట బాంబుల వెలుగులో కాలిన ఆ నగరముపైన, శిల్పములు ఆకాశమునకు లేచినవి. జనము తలలెత్తి చూచినారు.